పట్టాల పక్కన పేర్చిన ఇటుక

బొమ్మ రైలుకు ఇంజనూ పెట్టెలూ పట్టాలూ ఉంటే చాలు, పరుగెడుతుంది. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తెలియాలంటే మాత్రం పట్టాల పక్కన ఏదో ఒకటి నిలబడాలి. స్టేషను, ప్లాట్‌ఫారం, సిగ్నల్ క్యాబిన్, లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్ గది, గూడ్స్ షెడ్డు, ఇంజన్లకు నీళ్లు పట్టే ట్యాంకు, కాలువ మీద చిన్న వంతెన. ఒకదానిలో ఒకటి బిగుసుకునే బొమ్మ ఇటుకలతో వీటిని కట్టడం ఇవాళ చాలా దేశాల్లో పిల్లల ఆట మాత్రమే కాదు, పెద్దవాళ్లు ఏళ్ల తరబడి పట్టుదలగా చేసే పని. అయినా మోడల్ రైల్వేల్లో తలపండినవాళ్లలో కొందరికి దీని మీద చిన్నచూపు ఉంది. ఇటుక పిల్లలది, కొలత ప్రకారం చేసిన కిట్టు పెద్దలది అని వాళ్ల లెక్క. చేతిలో అసలు వస్తువు లేనప్పుడు సర్దుకునే మార్గంగానే ఇటుకను చూస్తారు. చరిత్ర తిరగేస్తే ఈ లెక్క నిలవదు. కట్టుడు బొమ్మ, బొమ్మ రైలు ఒకే కాలంలో, చాలాసార్లు ఒకే కంపెనీ కప్పు కింద, ఒకదాని అవసరం ఇంకొకటి తీరుస్తూ ఎదిగాయి. బొమ్మ ఇటుక కొలతను, దాని చుట్టూ అల్లుకున్న చిన్న ఊరిని తీర్చిదిద్దిన వాటిలో పట్టాల పక్క కట్టడం ఒకటి. ఈ సంగతి ఇటుకల చరిత్రలోనూ రైళ్ల చరిత్రలోనూ విడివిడిగా కనిపించదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదలు జర్మనీలో. పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికే ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్ల పుణ్యమా అని చెక్క దిమ్మెలు పిల్లల చదువులో భాగమయ్యాయి. ఆ దిమ్మెలు ఆకారాలు నేర్పేవే తప్ప భవనాన్ని తలపించేవి కావు. ఆ లోటు తీర్చింది గుస్టావ్, ఒట్టో లీలియెన్‌తాల్ అన్నదమ్ములు. ఆ ఒట్టోయే తర్వాత గ్లైడర్లతో గాల్లో తేలి, 1896లో అలాంటి ప్రయోగంలోనే కన్నుమూశాడు. స్ఫటికపు ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి అచ్చుపోసిన రాతి దిమ్మెలు వీళ్ల ఆలోచన. దాన్ని అమ్ముకోవడం వాళ్లకు చేతకాలేదు. హక్కులు కొన్న ఫ్రీడ్రిష్ అడాల్ఫ్ రిష్టర్ రుడోల్‌స్టాట్ ఊళ్లో 1880ల నుంచి లంగరు గుర్తుతో వాటిని తయారుచేయించి దేశదేశాలకు పంపాడు. రంగులు మూడే: ఇటుక ఎరుపు, ఇసుకరాతి పసుపు, కప్పు పలక నీలం. అప్పటి జర్మన్ రైల్వే స్టేషన్ల రంగులూ దాదాపు ఇవే. ఈ రాళ్లతో పాటు లోహపు ముక్కలున్న వంతెన పెట్టెలు కూడా రిష్టర్ అమ్మాడు. రైలు యుగంలో పెరుగుతున్న పిల్లవాడు ఇల్లు, గుడి, కోట కట్టాక మరుసటి కోరిక వంతెనే అవుతుందని ఆయన గ్రహించాడు. అయితే ఈ రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, బరువు మీదే నిలుస్తాయి. స్థిరంగా ఉన్న బల్ల మీద అవి అద్భుతం. పక్కనే కీ ఇచ్చిన రైలు దడదడలాడుతూ తిరిగే చోట, ఒక పెట్టె పట్టాలు తప్పితే చాలు, స్టేషనంతా నేలమట్టం. పట్టాల పక్కన నిలవాలంటే ఇటుకకు బిగింపు కావాలి.

అదే కాలంలో రైలు వైపు నుంచి ఇంకో ఆలోచన వచ్చింది. గోపింగెన్‌లోని మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిష్ వసంతపు సంతలో పట్టాలను విడివిడి ముక్కలుగా, తర్వాత కొనుక్కుని పెంచుకునే వీలుతో చూపించింది. పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టింది. ఇవాళ కొన్న ముక్క వచ్చే పండక్కి కొనే ముక్కతో కలవాలన్న ఈ సూత్రమే తర్వాత ప్రతి ఇటుక కంపెనీకీ ప్రాణమైంది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు పొందిన, తర్వాత మెకానో అన్న పేరు తెచ్చుకున్న ఇనుప పట్టీల సెట్టుదీ ఇదే సూత్రం. అదే హార్న్‌బీ 1920లో బొమ్మ రైలు తెచ్చినప్పుడు దాన్నీ నట్లూ బోల్టులతో విప్పి బిగించేలా చేశాడు. రైలే ఒక కట్టుడు బొమ్మ! అమెరికాలో ఎరెక్టర్ అనే లోహపు కట్టుడు సెట్లతో పేరు తెచ్చుకున్న ఏ.సి. గిల్బర్ట్ 1938లో అమెరికన్ ఫ్లయర్ రైళ్లను కొన్నాడు. మార్క్‌లిన్ కూడా రైళ్లతో పాటు లోహపు కట్టుడు సెట్లు అమ్మింది. మూడు దేశాల్లో, మూడు కంపెనీలు ఇదే జతకు వచ్చాయి. దీన్ని కాకతాళీయం అనలేం. రైలు కొన్నవాడికి పట్టాల పక్కన ఏదో కట్టాలనిపిస్తుంది, కట్టుడు సెట్టు కొన్నవాడికి తాను కట్టినదాని మధ్య ఏదో కదలాలనిపిస్తుంది. వ్యాపారులు ఈ రెండు కోరికలనూ ఒకే పిల్లవాడిలో చూశారు. కాకపోతే ఇనుప పట్టీలు వంతెనకు, క్రేనుకు, సిగ్నల్ స్తంభానికి సరిపోతాయి. స్టేషను గోడకు సరిపోవు, అన్నీ చిల్లులే. గోడ కోసం ఇటుకే కావాలి.

ఆ ఇటుక ఇంగ్లండులో 1930లలో రెండు రూపాల్లో వచ్చింది. 1935 నాటి మినీబ్రిక్స్ రబ్బరువి. బూట్ల అడుగులూ మడమలూ చేసే రబ్బరు పరిశ్రమలోంచి పుట్టాయి. ఇటుక కింద రెండు మేకులు, పైన రెండు గుంటలు, నొక్కితే పట్టుకుంటాయి. రెండోది బేకో. లివర్‌పూల్‌కు చెందిన చార్లెస్ ప్లింప్టన్ దీన్ని రూపొందించాడు. బేకలైట్ పీట మీది రంధ్రాల్లో సన్నటి ఉక్కు చువ్వలు నిలబెట్టి, వాటి మధ్యకు ఇటుక పలకలను జార్చాలి. రెండింటిలోనూ గోడ కదిలినా కూలదు. ఇదే దశకంలో రైలూ చిన్నదైంది. 1935లో జర్మనీలో ట్రిక్స్, మార్క్‌లిన్, 1938లో ఇంగ్లండులో హార్న్‌బీ డబ్లో పేరుతో 16.5 మిల్లీమీటర్ల పట్టాలు భోజనాల బల్ల మీదికి వచ్చాయి. అంతకుముందు గదంతా ఆక్రమించిన రైలు ఇప్పుడు బల్ల మీద ఒక ఊరికి కూడా చోటివ్వగలిగింది. హార్న్‌బీ రైళ్ల పక్కన పెట్టడానికి ఆ దశకం మొదట్లో చేసిన స్టేషను సిబ్బంది, వాహనాల చిన్న బొమ్మలే తర్వాత డింకీ టాయ్స్‌గా ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. డింకీ కార్లకు కూడా పుట్టిల్లు పట్టాల పక్క చోటే అన్నమాట. బేకో కథ చివరికి ఎక్కడ చేరిందో చూడండి: 1959లో దాన్ని కొన్నది హార్న్‌బీ రైళ్లు చేసే మెకానో కంపెనీయే.

ఇక అందరికీ తెలిసిన ప్లాస్టిక్ ఇటుక. దాని మూలం కూడా ఇంగ్లండే. కిడ్డీక్రాఫ్ట్ యజమాని హిలరీ ఫిషర్ పేజ్ 1947లో పైన బుడిపెలున్న బోలు ఇటుకలను మార్కెట్‌లోకి తెచ్చాడు. డెన్మార్క్‌లో బిలుండ్ అనే పల్లెలో లెగో పేరుతో చెక్క బొమ్మలు చేసే ఓలే కర్క్ క్రిస్టియన్‌సెన్ అదే సమయంలో ప్లాస్టిక్ అచ్చు యంత్రం కొని, పేజ్ ఇటుకల నమూనా చూసి, కొలతలు కొద్దిగా మార్చి 1949లో తన ఇటుకలు అమ్మసాగాడు. అవి మొదట్లో పెద్దగా పోలేదు. వాటిని నిలబెట్టింది ఓలే కర్క్ కొడుకు గాట్‌ఫ్రెడ్ ఎంచుకున్న పద్ధతి. విడి బొమ్మలు కాకుండా ఒకదానితో ఒకటి కలిసే వ్యవస్థ కావాలని ఆయన నిశ్చయించి, 1955లో పట్నం పటం అన్న పేరుతో ఒక సెట్టు విడుదల చేశాడు. పటం మీద వీధులు గీసి ఉంటాయి, ఆ వీధుల పక్కన ఇటుకలతో ఇళ్లు, పెట్రోలు బంకు, కార్ల షోరూం కట్టాలి. ఆ వీధుల్లో తిప్పడానికి కంపెనీ అమ్మిన చిన్న వోక్స్‌వాగన్ కార్లు, లారీలు 1:87 నిష్పత్తిలో చేసినవి. నా వాదనకు ఇది కీలకమైన సాక్ష్యం. 1:87 ఇళ్ల లెక్కలోంచి రాదు, కార్ల లెక్కలోంచి రాదు. సున్నా నంబరు రైలు కొలతను సగం చేస్తే వచ్చే హెచ్‌ఓ రైలు కొలత అది, అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. మార్క్‌లిన్, ట్రిక్స్ రైళ్లున్న ఇంటి బల్ల మీద లెగో ఊరు ఏ సవరణా లేకుండా ఒదిగిపోయేలా ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆ పటం మీద వీధులు గీశారు గానీ రైలు పట్టాలు గీయలేదు కదా, కార్ల కొలత ఒక్కటే పట్టుకుని ఇటుకను రైలుకు అంటగట్టడం అతి కాదా అని. గాట్‌ఫ్రెడ్ మనసులో రైలే ఉందని నేను అనడం లేదు. నా వాదనకు అది అక్కర్లేదు కూడా. ఇళ్లలో అప్పటికే ఉన్న చిన్న ప్రపంచం ఏ కొలతలో ఉందన్నదే ప్రశ్న. 1950ల పశ్చిమ యూరప్‌లో ఆ ప్రపంచానికి కొలబద్ద బొమ్మ రైలే. చెట్లు, మనుషులు, కార్లు, ఇళ్లు అన్నీ దాని చుట్టూ తయారయ్యేవి. కొత్తగా బజారులోకి వచ్చిన ఊరు ఆ కొలతకే కట్టుబడింది. ఇటుక కొలతనూ ఆ లెక్కలో పెట్టి చూస్తే విచిత్రంగా కుదురుతుంది. బుడిపె నుంచి బుడిపెకు 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6, పలుచని పలక ఎత్తు 3.2. హెచ్‌ఓ కొలతలో మామూలు మనిషి దాదాపు 19.5 మిల్లీమీటర్లు, అంటే రెండు ఇటుకల ఎత్తు. నాలుగు ఇటుకలు పేరిస్తే నిజం లెక్కలో 3.3 మీటర్ల అంతస్తు. ఇంతకంటే సులువైన లెక్క ఏ పిల్లవాడికీ అక్కర్లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఈ కొలతలో బొమ్మ ఇటుక ఇటుకకు నమూనా కాదు. ఇంగ్లండు గోడలో ఒక వరస సున్నంతో కలిపి 75 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక్క బొమ్మ ఇటుక అలాంటి పదకొండు వరసలను మింగేస్తుంది. అది గోడలో ఒక పెద్ద దిమ్మె, అంతే.

ఈ లోపాన్నే పట్టుకుని ఎదిగింది ప్లాస్టిక్ కిట్టు. ఎడ్విన్, హెర్మన్ ఫాలర్ అన్నదమ్ములు 1946లో బ్లాక్ ఫారెస్ట్‌లోని గ్యూటెన్‌బాక్‌లో మొదలుపెట్టిన సంస్థ కొద్ది ఏళ్లలోనే అచ్చుపోసిన గోడలు, కిటికీలు, పెంకులు పెట్టెలో పెట్టి అమ్మింది. జిగురు పెట్టి అతికిస్తే చాలు, పెంకు పెంకునా లెక్కపెట్టగలిగే స్టేషను తయారు. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ 1950ల చివర్లో పట్టాల పక్క కట్టడాల వరుస తెచ్చింది. దానిలోని సిగ్నల్ క్యాబిన్‌కు మూలం రట్లాండ్‌లోని ఓకమ్ లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇప్పటికీ నిలిచి ఉన్న చెక్క క్యాబిన్. ఇంతకంటే చక్కటి నకలు చవకగా దొరకదు. మోడల్ రైల్వేల్లో కట్టడాల కళకు ప్రాణం పోసిన జాన్ అహర్న్ లాంటివాళ్లు అట్టముక్కలతో, చెక్కతో, కంటితో చూసిన భవనాల ఆధారంగా చేసిన పని దీనికి పైమెట్టు. ఆయన మాడర్ వ్యాలీ రైల్వేను ఇప్పటికీ పెండన్ మ్యూజియంలో చూడవచ్చు. పోలికలో ఇటుక వీటికి సాటిరాదు, రావాల్సిన అవసరం కూడా లేదు. కానీ కిట్టు తెచ్చిన మరో ఫలితాన్ని చూడాలి. ఓకమ్‌లో ఒక్కటే ఉన్న క్యాబిన్ వేరే కంపెనీల, వేరే ప్రాంతాల లైన్ల మీద కూడా ఎక్కడపడితే అక్కడ వెలిసింది. ప్రతి గోడా నిజం, ఊరు మాత్రం అబద్ధం. ఒకసారి జిగురు ఆరాక ఆ క్యాబిన్‌కు ఇంకో కిటికీ రాదు, ఇంకో లీవరు పట్టదు.

లెగో తన సొంత రైలు తెచ్చింది 1966లో. నీలం పట్టాలు, నాలుగున్నర వోల్టుల బ్యాటరీ. ఇక్కడే సంబంధం తిరగబడింది. అప్పటిదాకా ఇటుక రైలు కొలతకు ఒదిగింది, ఇప్పుడు రైలు ఇటుక కొలతకు ఒదగాల్సి వచ్చింది. రెండు పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు, ఏ పాత నంబరుకూ చెందనిది, బుడిపెల లెక్కలోంచి మాత్రమే వచ్చింది. 1:87 కార్లు 1970 ప్రాంతంలో కనుమరుగయ్యాయి. 1978లో నాలుగు సెంటీమీటర్ల మనిషి బొమ్మ వచ్చి ఊరి కొలతను ఖాయం చేసింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1980లో వచ్చిన పన్నెండు వోల్టుల బూడిదరంగు పట్టాల వ్యవస్థ నా దృష్టిలో ఈ చరిత్రలో శిఖరం. దానిలో పట్టాల పక్క కట్టడం అలంకారం కాదు, పనిచేసే భాగం. బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కితే సిగ్నల్ రంగు మారి, ఆ ముక్క పట్టాలకు కరెంటు ఆగి, రైలు నిజంగానే ఆగేది. రైలును దారి మార్చే పాయింట్లు దూరం నుంచే మారేవి, గేట్లు పడేవి. 1991లో వచ్చిన తొమ్మిది వోల్టుల పట్టాలు రైలును సులువు చేశాయి, సిగ్నళ్లకు ఆ పని మాత్రం తీసేశాయి. 2006లో పట్టాలు ఒట్టి ప్లాస్టిక్ అయ్యాక స్టేషను దీపానికి కూడా సొంత బ్యాటరీ కావాల్సి వచ్చింది. కంపెనీ చేతులు దులుపుకున్న ఈ పనిని పెద్దవాళ్లైన అభిమానులు మోటార్లు, సెన్సార్లు, చిన్న కంప్యూటర్ బోర్డులతో తిరిగి నిర్మిస్తున్నారు. సిగ్నల్ పడితే ఆగే రైలు, రైలొస్తే పడే గేటు వాళ్ల బల్లల మీద మళ్లీ కనిపిస్తున్నాయి.

ఇటుక కట్టడానికి నిజమైనదానితో పోలిక లేదన్న అభ్యంతరానికి అసలు జవాబు ఇంకోచోట ఉంది. మోడల్ రైల్వేలో కొలతకు కట్టుబడనిది ఇటుక ఒక్కటే కాదు. మార్క్‌లిన్ బాగా మలుపున్న పట్టా వ్యాసార్ధం 360 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 31 మీటర్లు. నిజమైన మెయిన్ లైన్ రైలు ఆ మలుపులో తిరగనే తిరగదు. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి పదునైన మలుపు వ్యాసార్ధమే 175 మీటర్లు. ప్లాట్‌ఫారం ఇరవై నాలుగు పెట్టెలకు బదులు నాలుగు పెట్టెలకే ఉంటుంది. ఊరికీ ఊరికీ మధ్య దూరం రెండు మూరలు. ఇన్ని చోట్ల కుదించడాన్ని కళగా ఒప్పుకున్నవాళ్లు గోడ మీది బుడిపెల దగ్గర ఆగిపోవడం నాకు సబబుగా తోచదు. ప్రతి మోడలూ ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచుకుంటుంది. కిట్టు చేసేవాడు గోడ తీరును ఉంచి మార్పును వదులుకుంటాడు, ఇటుకతో కట్టేవాడు మార్పును ఉంచుకుని గోడ తీరులో కొంత వదులుకుంటాడు. అలా కొంత వదులుకున్నా రైల్వే స్వభావానికి అతడు దగ్గరగానే ఉంటాడు. రైల్వే కట్టడాలు మొదటి నుంచీ ముక్కల లెక్కలోనే పుట్టాయి. ఇంగ్లండులో మిడ్‌లాండ్ రైల్వే తన సిగ్నల్ క్యాబిన్లను డార్బీలో చెక్క పలకలుగా చేయించి, లైను వెంట తీసుకెళ్లి బిగించేది. రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవలాక్ వంతెనలో ఒకే రకం గర్డరు 56 సార్లు వస్తుంది. స్టేషన్లకూ ఒక గది చేరుతుంది, షెడ్డుకు ఇంకో దూలం పడుతుంది, ప్లాట్‌ఫారం పొడవు పెరుగుతుంది, మీటర్‌గేజ్ పోయి బ్రాడ్‌గేజ్ వస్తుంది. ఇలా మారుతూనే ఉండేదాన్ని, విప్పి మళ్లీ కట్టగలిగే పదార్థంతో చూపించడం తప్పెలా అవుతుంది? 1958 నాటి పేటెంటు గొట్టాల పట్టుతో చేసిన ఇటుక ఇవాళ్టి ఇటుకకు ఇప్పటికీ బిగుస్తుంది. తాత కట్టిన క్యాబిన్‌కు మనవడు ఒక మెట్ల వరస చేర్చగలడు.

పెద్దవాళ్లు ఈ పనిలోకి గుంపులుగా వచ్చింది 1990ల చివర్లో. ఉత్తర అమెరికాలో, యూరప్‌లో రైలు క్లబ్బులు ఏర్పడి, సభ్యులు వేర్వేరు ఇళ్లలో కట్టినవి ప్రదర్శన రోజున ఒకే బల్ల మీద కలిసేలా ఒప్పందాలు చేసుకున్నారు. 1891 నాటి మార్క్‌లిన్ సూత్రమే ఇది, ఈసారి పట్టాల నుంచి భవనాలకు పాకింది. కంపెనీ తానుగా 2007లో కేఫ్ కార్నర్‌తో మొదలుపెట్టిన పక్కపక్కన బిగిసే వీధి భవనాల వరుస కూడా ఇదే దారి. పట్టాల పక్కన పని చేసేటప్పుడు లెక్క ఇంకా కఠినం. లెగో పాయింటు పట్టాలు రెండు లైన్లను మధ్యరేఖ నుంచి మధ్యరేఖకు పదహారు బుడిపెల దూరంలో నిలబెడతాయి. ఎనిమిది బుడిపెల వెడల్పు పెట్టెలు రెండు వైపులా నడిస్తే మధ్య మిగిలేది ఎనిమిది. పెట్టె తగలకుండా ఇరువైపులా ఒక్కొక్కటి వదిలితే ద్వీపంలాంటి మధ్య ప్లాట్‌ఫారానికి దక్కేది ఆరే. మలుపు దగ్గర పొడవాటి పెట్టె నడుము లోపలికి, చివరలు బయటికి తోసుకొస్తాయి కాబట్టి అక్కడ అంచు ఇంకా వెనక్కి జరగాలి. బుడిపెలు పైకి కాక పక్కకు తిరిగేలా ఇటుకలను అడ్డంగా బిగించడం, అర బుడిపె జరపడానికి మధ్యలో ఒకే బుడిపె ఉన్న పలకలు వాడటం, అయిదు పలకల ఎత్తు సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు, అంటే 16 మిల్లీమీటర్లు, అవుతుందన్న లెక్కతో గోడను పక్కకు పడుకోబెట్టి కట్టడం వీళ్ల విద్యలు. బుడిపె ఒక్కటీ కనిపించని గోడ కావాలంటే అదీ చేయగలరు. కొందరు కావాలనే బుడిపెలు వదిలేస్తారు, ఇది ఇటుకతో కట్టిందని దాచడం వాళ్లకు ఇష్టం ఉండదు. నేను ఈ రెండో పక్షమే.

ఇవన్నీ ఐరోపా, అమెరికా లెక్కలు. అక్కడి నిజమైన పట్టాల వెడల్పు ఎక్కువగా 1435 మిల్లీమీటర్లు. లెగో పట్టాలతో పోలిస్తే నిష్పత్తి దాదాపు 1:38 వస్తుంది, నాలుగు సెంటీమీటర్ల మనిషి ఆ రైలు పక్కన పొట్టివాడు. ఆరు బుడిపెల పెట్టె మేలా, ఎనిమిది మేలా అని అక్కడివాళ్లు తెగని చర్చ చేసేది ఇందుకే. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. అదే లెగో పట్టాను మన లైను అనుకుంటే నిష్పత్తి 1:45కు వస్తుంది. మనిషి బొమ్మ 1.8 మీటర్ల ఎత్తరి అవుతాడు, సరిగ్గా నప్పుతాడు. 3.24 మీటర్ల వెడల్పున్న ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె 72 మిల్లీమీటర్లు, తొమ్మిది బుడిపెలు. పట్టా పైభాగం నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్ల మధ్య ఉండే మన ఎత్తు ప్లాట్‌ఫారం 17 నుంచి 18.7 మిల్లీమీటర్లు, రెండు ఇటుకలకు వెంట్రుకవాసి తక్కువ. యూరప్‌లో చాలాచోట్ల సున్నా నంబరు రైళ్లకు వాడే కొలత కూడా 1:45 కావడంతో వాటి కోసం చేసిన కార్లు, లారీలు సైతం ఈ స్టేషను ముందు నిలబెట్టవచ్చు. డెన్మార్క్‌లో రైలు కోసం ఎంచుకున్న వెడల్పు మన లైనుకే ఎక్కువ నప్పడం విచిత్రం, కానీ అంకెలు చెబుతున్నది అదే. తెలుగు నేల మీది స్టేషన్లు, క్యాబిన్లు, గేట్‌మన్ గదులు ఈ కొలతలో కట్టాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మొదలు అక్కర్లేదు. సులువుగా ఉంటుందని మాత్రం చెప్పను. 1916 నాటి కాచిగూడ స్టేషను గుమ్మటాలను, మినార్లను చదరపు ఇటుకలతో గుండ్రంగా తిప్పడానికి పలకలను మెట్లు మెట్లుగా లోపలికి జరుపుతూ పోవాలి, చిన్న గుమ్మటాలకు ఆ పద్ధతి చాలదు, పక్కకు తిరిగిన వంపు ముక్కలు కావాలి. 1997 నాటి గోదావరి కమాను వంతెనలో ఒక్కో కమాను 97 మీటర్ల పైమాటే, ఈ కొలతలో రెండు మీటర్లు దాటుతుంది. అలాంటివి ఇరవై ఎనిమిది. కట్టేవాడు కమానును నాలుగో వంతుకు కుదించి, ఇరవై ఎనిమిదిలో మూడింటినే ఉంచుకోవాలి. ఒకటి ఉంటే అది ఒట్టి వంతెన, రెండైతే మధ్య స్తంభం చుట్టూ సమంగా విడిపోతాయి, మూడు నుంచి కన్ను వరుసను చూస్తుంది.